అసలు అస్తరు

రోహిణి కార్తెలో కాకినాడ మనిషికి ఒంటిమీద బనీను నిలవడమే గొప్ప. అలాంటి ఊళ్ళో, అలాంటి ఎండల్లో, పురాతన ద్విచక్ర చర్మకవచ కాలనిర్ణయ మండలి వారి జిల్లా కార్యాలయానికి కొబ్బరికాయ కొట్టారు.

పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. ద్విచక్ర చర్మకవచం అంటే మోటారు సైకిలు నడిపేవాళ్ళు తొడుక్కునే తోలు జాకెట్టు. కార్యాలయం పేరు తెలుగులోనే ఉండి తీరాలని పైనుంచి గట్టి ఆదేశం వచ్చింది కాబట్టి సంస్కృతంలో పెట్టారు.

రాజధానిలో ఒక పెద్ద సారుని పంట కాలవల తీరు చూసి రమ్మని ఏదో చలిదేశం పంపించారు. ఆయన కాలవల సంగతి మరిచిపోయి పాత తోలు జాకెట్ల అంగడిలో కాలు పెట్టారు. అక్కడివాళ్ళు జిప్పు చూసి జాకెట్టు ఏ ఏడాదిదో చెప్పేస్తున్నారు. లేబులు మీద నలభై అని ఉన్నా అది అప్పటి నలభై, ఇప్పటి ముప్ఫయ్యారుతో సమానం అంటున్నారు. సారు ఉప్పొంగిపోయారు. మన రాష్ట్రంలో ఇలాంటి సంపద ఎంత ఉందో అని ఆరా తీస్తే ఎవరికీ తెలియదన్నారు. ఎవరికీ తెలియదంటే చాలా ఉన్నట్టే కదా అని, దిగీ దిగగానే జిల్లాకో కార్యాలయం మంజూరు చేసేశారు.

కాకినాడ కార్యాలయం జిల్లా అంతా జల్లెడ పట్టింది. దొరికిన జాకెట్టు ఒక్కటే. అది జగన్నాథపురంలో బోసుబాబు ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

బోసుబాబుకి డెబ్బై దాటాయి. ఎగ్జిబిషన్లలో చెక్క బావి కట్టి, దాని గోడల మీద మోటారు సైకిలు గిరగిరా తిప్పే ఆట ఉంటుంది చూశారూ, ఆ ఆటలో ఒకప్పుడు గోదావరి జిల్లాలన్నిటికీ ఆయనే మొనగాడు. ఒకసారి ఓడ దిగొచ్చిన ఒక విదేశీ నావికుడు ఆ ఆట చూసి, చప్పట్లు చాలవనుకున్నాడో ఏమో, ఒంటిమీది తోలు జాకెట్టు తీసి పైనుంచి బావిలోకి విసిరాడు. అది వేసుకున్నాక బోసుబాబు బావిలో పడలేదు. అది లేకుండా ఒక్కసారే దిగాడు. ఆరోజు పడ్డాడు. అప్పటినుంచి ఎడమ మోచెయ్యి వానలొచ్చే ముందు చెప్పి మరీ నొప్పెడుతుంది.

ఆయన కూతురు నళిని సిటీ బస్సులో కండక్టరు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆ పిల్ల చూపు ముందు మేకు మీదికి పోయేది. మేకుకి జాకెట్టు ఉంటే నాన్న ఇంటికొచ్చినట్టు. లేకపోతే ఇంకా బావి గోడమీదే ఉన్నట్టు. జాకెట్టు మేకెక్కేదాకా వాళ్ళమ్మ పొయ్యి వెలిగించేది కాదు. అమ్మ పోయి ఏళ్ళయింది. మేకూ జాకెట్టూ మిగిలాయి.

ఈ ఏడు ఎగ్జిబిషనుతో బావి ఆట ఆఖరు. చూసేవాళ్ళు తగ్గారని చెక్కలు అమ్మేస్తున్నారు. ఆఖరి రోజు సాయంత్రం ఆఖరి చుట్టు నువ్వే తిరగాలి బోసూ అని బావి యజమాని స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. బోసుబాబుకి ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో. మర్నాడే మండలి నుంచి తాఖీదు వచ్చింది. కవచము స్వయముగా హాజరు కావలెను.

"నాకేం పర్లేదు గానీ అమ్మడూ, దాన్ని మాత్రం వొదల్ను. అది లేందే బావిలో దిగను, ముందే చెప్తన్నా," అన్నాడు బోసుబాబు.

"వొదలమని ఎవరన్నారు నాన్నా? చూపించుకుని వచ్చేద్దాం," అంది నళిని. అంది గానీ, ప్రభుత్వం వారు చూస్తామన్న వస్తువు మళ్ళీ మనం చూడటం కష్టమని బస్సులో రోజూ వినే మాటే.

కార్యాలయంలో ఇద్దరు అధికారులున్నారు. కాలనిర్ణయాధికారి పరాంకుశంగారు వయసు తేలుస్తారు. కొలతల అధికారి తాండవకృష్ణగారు సైజు తేలుస్తారు. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు లేఖలు రాసుకుంటారు.

"కవచము హాజరా?" అన్నారు పరాంకుశంగారు.

"తెచ్చామండీ," అంది నళిని.

"తెచ్చుట వేరు, హాజరగుట వేరు. సరే. జనన ధ్రువీకరణ పత్రము?"

"జాకెట్టుకాండీ?"

"పోనీ, పదో తరగతి సర్టిఫికెట్టు?"

"అది చదువుకోలేదండీ. కష్టపడి పైకొచ్చింది," అంది నళిని.

పరాంకుశంగారు తలాడించి 'నిరక్షరాస్య కవచము' అని రాసుకున్నారు. పత్రాలు లేనప్పుడు శాస్త్రీయ పరీక్ష తప్పదని చెప్పి, కళ్ళజోడు తీసి, చేతులు కడుక్కుని, జాకెట్టు జిప్పుని నాలుకతో నాకారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ నాకారు. కాలరు అంచు పంటికింద కొద్దిగా కొరికి, పప్పులో ఉప్పు చూసే పెళ్ళివంటల పెద్ద మాదిరి పైకప్పు వంక చూశారు.

"ఇత్తడి. లోపల కొంచెం ఉప్పుగాలి. పంతొమ్మిది వందల యాభై మూడు, స్వాతి కార్తె."

"ఆ దేశంలో కార్తెలుంటాయేటండీ?" అన్నాడు బోసుబాబు.

"తోలుకు కార్తెలు అన్ని దేశములందునూ ఒక్కటే."

"మరి నేనూ అదే యేడు పుట్టానండి! ఆయ్!" అని బోసుబాబు మురిసిపోయాడు. అధికారి ఆ మాట పట్టించుకోలేదు. మనుషుల వయసు ఆయన శాఖ కిందికి రాదు.

ఆయన్ని కలవరపెట్టింది మరో సంగతి. యాభై మూడులో పుట్టిందంటే కవచానికి అరవై దాటాయి. అరవై దాటిన వారిని నిలబెట్టి మాట్లాడించరాదని నిబంధన ఉంది. వెంటనే ఒక కుర్చీ తెప్పించి, ఫ్యాను కింద వేయించి, జాకెట్టుని అందులో కూర్చోబెట్టారు. మజ్జిగ కావాలేమో అని తాండవకృష్ణగారు అడిగారు. బోసుబాబు గోడకి ఆనుకుని నిలబడి మోచెయ్యి రుద్దుకుంటున్నాడు.

ఆ కుర్చీతోనే ఊరికి ఉపద్రవం మొదలైంది.

వృద్ధ కవచములకు బస్సుల్లో సీటు కేటాయించవలెనని వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది. ఉన్న ఒక్క జాకెట్టు ఎప్పుడు ఏ బస్సెక్కుతుందో ఎవరికి తెలుసు? అందుకని అన్ని బస్సుల్లోనూ మొదటి వరస కుడివైపు సీటు ఖాళీగా ఉంచారు. మెట్లమీద వేలాడుతూ వచ్చే జనం ఆ ఖాళీ సీటుని చూసి దణ్ణాలు పెట్టుకునేవారు. ఒకరోజు నిండు గర్భిణి ఒకావిడ ఎక్కితే నళిని ఆ సీట్లో కూర్చోబెట్టింది. తనిఖీకి వచ్చినాయన, "ఆవిడ కవచమా?" అని అడిగాడు.

"కవచమేనండీ. లోపల ఒకరున్నారు," అంది నళిని.

తనిఖీ ఆయన కాసేపు ఆలోచించి, నిబంధనలో దీనికి విరుద్ధమైనది ఏదీ కనపడక దిగిపోయాడు. ఆ జవాబు నళినికి తర్వాత అక్కరకొచ్చింది.

రెండో పిలుపు కొలతలకి. తాండవకృష్ణగారు మెడలో టేపు, చెవిలో పెన్సిలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముందు బోసుబాబు ఛాతీ కొలిచారు. నలభై. జాకెట్టు లేబులు చూశారు. అదీ నలభై. ధారకుని ఛాతీయు కవచపు లేబులును ఒక్కటి కావలెనన్నది నిబంధన. నళిని మనసులో హమ్మయ్య అనుకుంది.

అనుకున్నంతసేపు పట్టలేదు. తాండవకృష్ణగారు మాట వరసకి జాకెట్టుని బల్లమీద పరిచి టేపు పెట్టారు. ముప్ఫయ్యారు వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది.

"లేబులు నలభై అంటోంది. టేపు ముప్ఫయ్యారు అంటోంది. ఒకరు అబద్ధమాడుతున్నారు," అన్నారు ఆయన.

"అప్పటి సైజులు అలా ఉండేవేమోనండీ," అంది నళిని.

పరాంకుశంగారు ఎదుటి బల్ల మీంచి కలగజేసుకున్నారు. "లేబులు వయసెంత? డెబ్బై పైన. టేపు వయసెంత? నిన్న కొన్నాము. పెద్దవారి మాట వినవలెనా, పిన్నవారి మాట వినవలెనా?"

దానికి ఎదురు చెప్పగల వాళ్ళు మన దేశంలో ఎవరున్నారు? టేపుదే తప్పని తేలింది. అన్ని ధరలూ పెరిగినట్టే ఈ డెబ్బై ఏళ్ళలో అంగుళాలు కూడా పెరిగిపోయాయని, అసలైన పాత అంగుళం ఇంతకంటే చిన్నదని మండలి తీర్మానించింది. జాకెట్టుని ఆధారం చేసుకుని కొత్త టేపులు అచ్చు వేయించారు. వాటిమీద 'పాత అంగుళములు' అని రాయించారు.

కొత్త టేపు బజార్లోకి వచ్చిన రోజు కాకినాడలో పండగే పండగ. ఐదడుగుల ఐదంగుళాల పెళ్ళికొడుకులందరూ తెల్లారేసరికి ఆరడుగుల అందగాళ్ళయ్యారు. ఛాతీ చాలక పోలీసు ఉద్యోగం పోయినవాళ్ళు టేపు పట్టుకుని ఊరేగింపు తీశారు. స్థలాల బేరగాళ్ళు అయితే జాకెట్టు ఫొటోకి దండేసి హారతి పట్టారు, ఉన్న స్థలమే ఇంచక్కా పెరిగిందని. ఇంత స్థలం ఎక్కణ్ణుంచి వచ్చిందని పక్కింటివాళ్ళతో గోడ తగాదాలు మొదలయ్యాక గాని దండలు వాడలేదు. ఆడవాళ్ళు మాత్రం ఆ టేపుని గడప తొక్కనివ్వలేదు. నడుము కొలతని పెంచే ప్రభుత్వం ఎన్నాళ్ళో నిలవదని జగన్నాథపురం మార్కెట్లో చేపలమ్మే ఆవిడ తేల్చి చెప్పింది.

అందరికీ పెరిగినట్టే బోసుబాబుకీ పెరిగింది. కొత్త టేపుతో ఆయన ఛాతీ నలభై నాలుగు దాటింది.

"నాలుగు అంగుళములు అదనము," అన్నారు తాండవకృష్ణగారు. "వారములోగా తగ్గించనియెడల కవచము మండలికి దాఖలు."

బోసుబాబు ఆ వారం పెసరట్టు ముఖం చూడలేదు. మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి మంచినీళ్ళు. కూతురు బతిమాలితే, "జాకెట్టు పోతే నేను తిని ఏం చెయ్యనే?" అన్నాడు. నళినికి ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ముసలాయన్ని పస్తు పెట్టే జాకెట్టు మీద కాదు, దాన్ని కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళ మీద.

వాయిదా రోజున బోసుబాబు గుమ్మం బయటే ఊపిరంతా వదిలేసి, ఛాతీ లోపలికి లాక్కుని, బిగబట్టి నడిచొచ్చాడు. టేపు పడింది. నలభై రెండు... నలభై ఒకటిన్నర... ఇంకొంచెం లాక్కున్నాడు. నలభై గీత మీద టేపు ఆగినంత పనైంది.

"పేరు?" అన్నారు తాండవకృష్ణగారు, పెన్సిలు తీసి.

బోసుబాబు గుడ్లు తేలేశాడు. పేరు చెప్పాలంటే ఊపిరి తీయాలి.

"పేరు చెప్పవలెను."

"బో... స్సు... బ్బాబండీ!" అన్నాడు. టేపు తెగినంత పనైంది. నలభై నాలుగున్నర.

జాకెట్టు మండలి వశమైంది. ఎగ్జిబిషను ఆఖరి రోజు సాయంత్రం పెద్ద సారు స్వయంగా వస్తారని, దాన్ని ఎగ్జిబిషనులోనే అద్దాల పెట్టెలో పెట్టి ప్రజలకు అంకితం చేస్తారని చెప్పారు. అదే సాయంత్రం, అక్కడికి నాలుగు అంగళ్ళ అవతల, బావి ఆట ఆఖరి చుట్టు.

ఇంటికొచ్చాక బోసుబాబు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నళిని మేకు వంక చూసింది. మేకు ఖాళీగా ఉంది. నాన్న కళ్ళెదురుగా పడుకునే ఉన్నా, ఆ ఖాళీ మేకు చూస్తే ఆయన ఇంకా ఇంటికి రానట్టే అనిపించింది. ఆమెకి భయం వేసింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం మండలి నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. తక్షణం రమ్మన్నారు. తండ్రీకూతుళ్ళు వెళ్ళేసరికి అధికారులిద్దరూ చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. అద్దాల పెట్టె ముందు జాకెట్టుని బోర్లించి, లోపలి వైపు తిరగేసి చూస్తున్నారు. లోపల పసుపుపచ్చ పూల వాయిలు బట్ట ఉంది.

"తోలు అసలుది. జిప్పు అసలుది. ఈ అస్తరేమిటి?" అన్నారు పరాంకుశంగారు.

"మా అమ్మ చీరండీ. లోపలి బట్ట చిరిగిపోతే తనే కుట్టింది," అంది నళిని. ఆ పూలు చూసి చాలా రోజులైంది. అమ్మ ఆ చీర కట్టుకుని పొయ్యి ముందు ఊరికే కూర్చునే దృశ్యం కళ్ళముందు కదిలింది.

"అసలు అస్తరు లేని కవచము నకిలీ కింద లెక్క. జిల్లాలో ఉన్న ఒక్క కవచము నకిలీ అని సారు ముందు ఎట్లు చెప్పగలము? మా కార్యాలయము గతి ఏమి?"

తాండవకృష్ణగారు చేతులు జోడించారు. "అమ్మా, అసలు అస్తరు ఎక్కడుందో చెప్పు తల్లీ."

నళినికి బస్సులో గర్భిణి గుర్తొచ్చింది.

"అస్తరంటే ఏటండీ?" అంది నెమ్మదిగా.

పరాంకుశంగారికి నిర్వచనాలంటే ప్రాణం. కష్టంలో కూడా గొంతు సవరించుకున్నారు. "కవచమునకు లోపలి వైపున, తోలునంటిపెట్టుకుని యుండి, కవచము పోయినచోటికెల్లా పోవుచు, దానితోపాటే కాలక్రమమున అరిగి ముడతలు పడునది."

"ఏ యేడుది అయ్యుండాలండీ?"

"కవచముతో సమానమైన వయసు గలదై యుండవలెను. యాభై మూడు."

"అయితే అదిగోనండీ," అని నళిని గుమ్మం వైపు చూపించింది. గుమ్మంలో బోసుబాబు నిలబడి ఉన్నాడు, బక్కచిక్కి, మోచెయ్యి పట్టుకుని.

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిర్వచనాన్ని ఒక్కో ముక్కా పెట్టి చూశారు. లోపలి వైపున ఉండేవాడేనా? ఉండేవాడే. తోలునంటిపెట్టుకుని? నలభై ఏళ్ళు. కవచం పోయినచోటికెల్లా? బావిలోకి కూడా. ముడతలు? పరాంకుశంగారు వెళ్ళి దగ్గరగా చూసొచ్చారు. ఆయన నాలుక బయటికి తీయబోతుంటే బోసుబాబు ఒక అడుగు వెనక్కేశాడు.

"నన్ను నాకనక్కర్లేదండి. ఆధార్ కార్డుందండి. ఆయ్!"

కార్డు మీద యాభై మూడే ఉంది.

"కానీ ఛాతీ? నాలుగున్నర అంగుళములు అదనము కదా," అన్నారు తాండవకృష్ణగారు.

"అది ధారకునికి," అన్నారు పరాంకుశంగారు, ప్రాణం లేచొచ్చిన గొంతుతో. "అస్తరుకు కొలత నిబంధన లేదు. లోపల పట్టిన చాలును."

జాకెట్టు తొడిగారు. పట్టింది. జిప్పు పడలేదు గాని, అసలు అస్తరు కాస్త బయటికి కనిపించడం ప్రదర్శనకు మంచిదేనన్నారు. పురాతన వస్తువు భాగాలను ఎట్టి పరిస్థితిలోనూ విడదీయరాదు కాబట్టి బోసుబాబుని కూడా అద్దాల పెట్టెలో పెట్టి మూత వేశారు. రెండు నిమిషాల్లో పెట్టె అద్దాలు లోపల ఆవిరి పట్టిపోయాయి. అస్తరు లోపలినుంచి మూత బాదుతోంది.

"అస్తరు పాడవుతోందండీ!" అని అరిచింది నళిని. "పాత వస్తువుని ఎక్కడ ఉంచితే పాడవకుండా ఉంటుందండీ?"

"దాని సహజ పరిసరాలలో," అన్నారు పరాంకుశంగారు నిబంధన గుర్తుచేసుకుని.

"అయితే బావిలోకండీ."

ఇక్కడ ఇంకొక నిబంధన అడ్డొచ్చింది. ధ్రువీకరించిన కవచము కదలునపుడు మండలి అధికారి ఒకరు దానిని అంటిపెట్టుకుని ఉండవలెను. పరాంకుశంగారు వెంటనే తాండవకృష్ణగారికి ఒక లేఖ రాసి ఎదుటి బల్ల మీద పెట్టారు.

సాయంత్రం ఎగ్జిబిషనులో బావి చుట్టూ జనం విరగబడ్డారు. పెద్ద సారు పైన ముందు వరసలో నిలబడ్డారు. కింద బోసుబాబు మోటారు సైకిలెక్కాడు. వెనక సీటు మీద తాండవకృష్ణగారు కళ్ళు మూసుకుని అస్తరుని రెండు చేతులా కావలించుకున్నారు.

"పట్టుకోండి బాబుగారూ. కొలతలు తరవాత," అన్నాడు బోసుబాబు.

ఇంజను గర్జించింది. చెక్కలు దడదడలాడాయి. మోటారు సైకిలు గోడెక్కింది, సగానికెక్కింది, అంచుదాకా ఎక్కింది. తాండవకృష్ణగారి మెడలో టేపు విప్పుకుని వెనకాల గాలిపటం తోకలా ఎగిరింది. ఆయన ముందు ఆంజనేయ దండకం మొదలుపెట్టి, మూడో చుట్టుకి దండకం మరిచిపోయి, "అమ్మోయ్ నాయనోయ్!" అని అచ్చ తెలుగులో అరవసాగారు. జనం ఈలలు వేశారు. నళిని బావి అంచు కమ్మీ గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఖాళీ మేకు చూసినప్పటి భయమే ఇప్పుడూ ఆమెను పట్టుకుంది. కానీ నాన్న ఆమె పక్కగా దూసుకుపోతూ ఒక చెయ్యి వదిలేసి ఊపాడు. విప్పి ఉన్న జాకెట్టులో పసుపుపచ్చ పూలు మెరిశాయి. నళినికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెంటినీ ఆపుకోలేదు.

మోటారు సైకిలు కిందికి దిగింది. బోసుబాబు పడలేదు. తాండవకృష్ణగారు దిగి, నేల ఎటుందో కాసేపు వెతుక్కుని, దొరికాక దానిమీద కూర్చుని, ధ్రువపత్రం నింపారు.

అస్తరు ఎక్కడుంటే కవచమూ అక్కడే ఉండవలెనని మండలి జాకెట్టుని బోసుబాబు ఒంటిమీదే ఇంటికి పంపేసింది. ఇంటికొచ్చాక నళిని ఆ ధ్రువపత్రం పైకి చదివింది. "తోలు: అసలుది. జిప్పు: అసలుది. అస్తరు: అసలుది. కొద్దిగా ముడతలు పడినది. వాడకమునకు భేషుగ్గా పనికొచ్చును."

"ముడతలెక్కడున్నాయే?" అన్నాడు బోసుబాబు, అద్దం ముందుకి పోయి. "అది కొట్టేసి ఇమ్మను."

"రేపు అడుగుతాలే. ముందా జాకెట్టు తియ్యి, ఉడికిపోతున్నావు."

"విడదీస్తే నేరమన్నారుగదే?"

"నేరమైతే నామీద రాయమను," అని నళిని ఆయన భుజాల మీంచి జాకెట్టు తీసింది. వెనక్కి తిప్పి పూల బట్ట ఒకసారి తడిమింది. మేకుకి తగిలించింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పెసరట్టుకి పొయ్యి వెలిగించింది.